కుండల్‌వాడిలో నాన్న సందూక

కుండల్‌వాడి పేరు మన పత్రిక పాఠకుల్లో చాలామంది విని ఉండరు. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, బిలోలి తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉండే చిన్న పట్టణం అది. నగర పరిషత్తు, పోలీసు ఠాణా, బడులు అన్నీ ఉన్నాయి. అంగళ్ళ మీద బోర్డులు మరాఠీలో ఉంటాయి. లోపల బేరాలు మాత్రం చాలావరకు తెలుగులోనే సాగుతాయి. నేను పుట్టి పెరిగింది అక్కడే. నాందేడ్‌లో బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, నాలుగైదు ఊళ్ళు తిరిగి, చివరికి ముంబైలో స్థిరపడ్డాను.

"విదేశాల్లో ఉన్న మన పిల్లలు పాస్‌పోర్టు, ఆధార్ లాంటి కాగితాలు గడువు తప్పకుండా ఎలా చూసుకోవాలో, బ్యాంకు ఆఫీసరుగా మీరు నాలుగు మాటలు రాయండి" అని మన సంపాదకవర్గం వారు అడిగారు. సరేనని రాయడానికి కూర్చుంటే నియమాల కన్నా ముందు మా ఊరి ప్రయాణం ఒకటి గుర్తుకొచ్చింది. అందుకని మొదట మిమ్మల్ని మా ఊరికి తీసుకువెళతాను. నియమాలు దారిలో చెబుతాను.

2024 ఫిబ్రవరిలో మా నాన్నగారి మొదటి ఆబ్దికం. సౌదీలో పనిచేసే మా తమ్ముడు శంషాబాద్‌లో విమానం దిగి, బోధన్‌లో ఉన్న అక్క ఇంటికి వస్తానన్నాడు. "ముగ్గురం కలిసే పోదాంరా, ఒక్కొక్కలం పోతె అమ్మ తట్టుకోదు" అంది అక్క. నేను ముంబైలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మామూలుగా అయితే నాందేడ్ దాటాక ధర్మాబాద్‌లో దిగాలి. ఎండుమిరప వ్యాపారానికి పేరున్న ఊరు అది. ఈసారి అక్కడ దిగకుండా కిటికీ దగ్గరే కూర్చుండిపోయాను. ధర్మాబాద్ తర్వాత బాసర. ఆ కాస్త దూరంలోనే రాష్ట్రం మారిపోతుంది, స్టేషను బోర్డు మీదికి తెలుగు వచ్చేస్తుంది. బాసర దాటగానే గోదావరి వంతెన. ఎదురు సీటులో ఉన్న పెద్దావిడ నదిలోకి రూపాయి బిళ్ళ విసిరి చేతులు జోడించింది. నేనూ జోడించాను.

నిజామాబాద్‌లో దిగి బస్సులో బోధన్ చేరేసరికి తమ్ముడు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఐదేళ్ళ తర్వాత చూడటం. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

మర్నాడు పొద్దున్నే బోధన్ నుంచి బయలుదేరాం. సాలూర దగ్గర మంజీర మీద వంతెన దాటితే మహారాష్ట్ర. వంతెనకు ఇటూ అటూ అదే నల్లరేగడి, అవే జొన్నచేలు, అవే శనగలు. నీళ్ళు తక్కువగా ఉండి ఇసుకమేటలు బయటపడ్డాయి. "ఇటు పక్కకి వచ్చినమంటె బస్సు పాస్ నడవదు" అని అక్క నవ్వింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. ఆ ఉచితం రాష్ట్రం హద్దు వరకే.

ఈ హద్దు సంగతి కొంచెం చెప్పాలి. నాన్న పుట్టేనాటికి కుండల్‌వాడి నిజాం రాజ్యంలో ఉండేది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రం అయింది. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలను విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది. జిల్లా మొత్తం కాదు. దెగ్లూరు తాలూకాలో బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోల్ తాలూకాలో ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 1960 మే 1న బొంబాయి రాష్ట్రమూ విడిపోయి మహారాష్ట్ర ఏర్పడింది. మా నాన్న ఇల్లు కదలలేదు, వాకిట్లో వేపచెట్టు కదలలేదు. ఆయనకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి నాలుగు ప్రభుత్వాలు మారాయి. అమ్మ పుట్టిల్లు బిచ్కుంద. ఒకప్పుడు రెండూ ఒకే జిల్లా. ఆమె పెళ్ళయి వచ్చేనాటికి అది వేరే రాష్ట్రం. అక్కను బోధన్ ఇవ్వడంతో ఆమెకు మళ్ళీ అటువైపు కాగితాలు వచ్చాయి. ఇవాళ అక్క ఆధార్ కార్డు మీద తెలుగు ఉంటుంది, నా దాని మీద మరాఠీ ఉంటుంది. ఒకే తల్లి పిల్లలం.

బిలోలిలో ఆగి టీ తాగి, కుండల్‌వాడి చేరేసరికి పది దాటింది. అమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. "కాళ్ళు కడుక్కోని లోపలికి రా" అంది. వాడు లోపలికి వెళ్ళి, గోడ మీద దండ వేసి ఉన్న నాన్న ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాడు నాన్నను చివరిసారి చూసింది 2019లో.

ఇప్పుడు ఆ సంగతి చెబుతాను. మా తమ్ముడు పదో తరగతి గట్టెక్కలేదు. పదో తరగతి పాసు కానివాళ్ళకు ఇచ్చే పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం అనుమతి ఉండాలి. అవన్నీ సవ్యంగానే చేసుకుని వెళ్ళాడు. 2013లో తీసుకున్న పాస్‌పోర్టు గడువు 2023 మార్చితో ముగుస్తుంది. అందులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరూ, నాన్న పేరూ, ఇంటిపేరూ అన్నీ కలిపి ఒకే గడిలో కొట్టేశారు. కొత్తది తీసుకునేటప్పుడు దాన్ని విడదీయించుకుంటే మంచిదని అక్కడి స్నేహితులు చెప్పారు. అందుకు ఇంటి దగ్గరి కాగితాలు కావాలి. 2022 సెప్టెంబరులో నాకు ఫోన్ చేసి, "అన్నా, నా టీసీ, నాన్న రేషన్ కార్డు ఫోటో తీసి పంపు. సందూకల ఉంటయి" అన్నాడు.

"దీపావళికి ఊరికి వెళుతున్నాగా, అప్పుడు పంపుతాలే" అన్నాను.

దీపావళికి వెళ్ళాను. రెండు రోజులు ఉన్నాను. సందూక తెరవడం మరిచిపోయాను. వాడు నవంబరులో మళ్ళీ గుర్తు చేశాడు. బ్యాంకులో ఆడిట్ జరుగుతోంది, సంక్రాంతికి చూద్దామన్నాను. సంక్రాంతికి అసలు వెళ్ళనే లేదు. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో నాన్న పోయారు.

వాడు ఆ రాత్రే బయలుదేరాలనుకున్నాడు. వెళ్ళి తిరిగి వచ్చే వీసా ఇవ్వాలంటే పాస్‌పోర్టులో ఇంకా కొన్ని నెలల గడువు ఉండాలని కంపెనీవాళ్ళు చెప్పారు. వాడి దాంట్లో మిగిలింది అయిదు వారాలు. ఇక ఒకటే దారి, ఉద్యోగం వదులుకుని ఒక్క దారి ప్రయాణం. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. అమ్మే ఫోన్ తీసుకుని, "రాకు బిడ్డా, ఈడ మీ అన్న ఉన్నడు" అంది. నేను తల కొరివి పెడుతుంటే వాడు రియాద్‌లో క్యాంపు గదిలో తలస్నానం చేసి కూర్చుని ఫోన్‌లో చూశాడు. బావగారు ఫోన్ పట్టుకున్నారు. చెయ్యి వణికి బొమ్మ నిలవలేదట. వాడు తర్వాత చెప్పాడు, మా కాళ్ళు, పొగ తప్ప ఏమీ కనబడలేదని.

ముప్ఫై ఏళ్ళుగా కౌంటరు దగ్గర కూర్చుని "కె.వై.సి. ఎందుకు ఆలస్యం చేశారు? మీ కాగితాలు మీరే చూసుకోవాలి కదా" అని ఎంతమంది ఖాతాదారులకు హితబోధ చేశానో లెక్కలేదు. తమ్ముడు అడిగిన రెండు కాగితాలు అయిదు నెలల్లో పంపలేకపోయాను. వాడు ఒక్క మాట అనలేదు. అననందువల్లే బోధన్‌లో వాడి ముఖం చూడలేకపోయాను.

ఆబ్దికం అయిపోయింది. భోజనాలు అయ్యాక, జొన్నరొట్టె, పుంటికూర తిన్న బరువుతో అందరం నడుం వాల్చే వేళ తమ్ముడే అన్నాడు, "అన్నా, గా సందూక తీద్దామా?" అని.

నాన్న జిల్లా పరిషత్ బడిలో ఉపాధ్యాయులుగా పనిచేసి 1996లో రిటైరయ్యారు. చదువు మొదలైంది ఉర్దూలో, ఉద్యోగం చేసింది మరాఠీలో, ఇంట్లో మాట తెలుగు. ఆయన ఇనప సందూకలో కాగితాలన్నీ ఎర్రగుడ్డ మూటల్లో ఉన్నాయి. ఒక్కొక్క మూట విప్పి చాప మీద పరిచాం. పొలానికి సంబంధించిన నిజాం కాలపు ఉర్దూ కాగితంలో నాన్న పేరూ, తాత పేరూ మాత్రమే ఉన్నాయి. ఇంటిపేరు లేదు. సర్వీసు పుస్తకంలో మరాఠీ పద్ధతిలో ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు ఉన్నాయి. ఆ ఇంటిపేరుకు 'వార్' తగిలించి ఉంది. ఇది మావైపు మామూలే. మంజీరకు అవతల మామిడి వారు ఇవతలికి వస్తే మామిడ్‌వార్ అవుతారు. రేషన్ కార్డులో నాన్న పేరుకు 'రావు' చేరింది. పొలం సాత్‌బారాలో తాత పేరు కుదించి ఒక్క అక్షరం చేశారు. ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు వేరు. నాన్న ఒక్కరే, కాగితాల్లో అయిదుగురు.

పుట్టిన సంవత్సరమూ అంతే. బడి రిజిస్టరులో ఫసలీ 1348 అని ఉంది. అది మన లెక్కలో 1938, 39 రెండింటికీ వస్తుంది. సర్వీసు పుస్తకం వాళ్ళు 1938 వేశారు. ఓటరు కార్డువాళ్ళు 1939 వేశారు. ఇద్దరిదీ తప్పు కాదు. కానీ బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయనకు ఇద్దరు మనుషులు కనిపిస్తారు. నేను కూడా అలా చూసినవాణ్ణే. నా బి.కాం. పట్టా మీద మరాఠ్వాడా విశ్వవిద్యాలయం అని ఉంటుంది. 1994లో దాని పేరు మారింది. మా అబ్బాయి విదేశీ వీసా కాగితాల్లో నా పట్టా జతచేసినప్పుడు ఆ సంగతి వివరిస్తూ ఒక ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఇక్కడ సంపాదకులకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాను. ఆ చాప మీద కూర్చుని మేము ముగ్గురం రాసుకున్న జాబితాలోంచే మీకు పనికొచ్చేవి చెబుతాను.

మొదటిది పాస్‌పోర్టు. పెద్దవాళ్ళకు పదేళ్ళు, చిన్నపిల్లలకు అయిదేళ్ళు. పదేళ్ళు అనుకోకండి, తొమ్మిదేళ్ళు అనుకోండి. చాలా దేశాలు ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే కొత్తదానికి దరఖాస్తు పెట్టవచ్చు. విదేశంలో ఉంటే అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారానే తీసుకోవచ్చు, ఇందుకోసం ఇండియా రానక్కర్లేదు. ఒక్కోసారి పుస్తకం మీద తేదీ మిగిలి ఉన్నా అది చెల్లకుండా పోతుంది. 1990లలో ఇరవై ఏళ్ళ గడువుతో చేత్తో రాసి ఇచ్చిన పాస్‌పోర్టులు 2015 నవంబరు 24 తర్వాత అంతర్జాతీయ ప్రయాణానికి పనికిరాకుండా పోయాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే తప్పక పూరించుకోండి. 2022 నవంబరులో యు.ఎ.ఇ. వాళ్ళు ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాల మీద వచ్చేవాళ్ళను అనుమతించబోమన్నప్పుడు మనవాళ్ళు చాలామంది కంగారుపడ్డారు.

పౌరసత్వం మార్చుకున్నవాళ్ళ సంగతి వేరు. వేరే దేశం పౌరులైన రోజునుంచీ భారత పాస్‌పోర్టు వాడకూడదు, దాన్ని తిరిగి అప్పగించాలి. తర్వాత ఓ.సి.ఐ. కార్డు తీసుకోవచ్చు. 2021లో నియమాలు సడలించారు. ఇరవై ఏళ్ళ వయసు దాటాక తొలిసారి కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఒక్కసారి మాత్రం కార్డు మళ్ళీ చేయించుకుంటే చాలు. ఇరవై లోపు పిల్లలకు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, యాభై దాటినవాళ్ళకు ఒక్కసారి, కొత్త పాస్‌పోర్టూ ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి.

ఆధార్ విషయంలో చాలామంది పొరబడతారు. అది పౌరసత్వానికి రుజువు కాదు. ప్రవాస భారతీయులు చెల్లుబాటులో ఉన్న భారత పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు. 2019 నుంచి 182 రోజులు ఇక్కడ ఉండాలన్న షరతు కూడా వాళ్ళకు లేదు. దీన్లో అసలు చిక్కు ఫోను దగ్గర వస్తుంది. ఓ.టి.పి. వచ్చేది మీరు ఇచ్చిన ఇండియా నంబరుకే. విదేశం వెళ్ళి ఆ సిమ్ రీచార్జ్ చేయకుండా వదిలేస్తే నంబరు పోతుంది, కొన్నాళ్ళకు ఇంకెవరికో ఇస్తారు. మీ ఇంటి తాళంచెవి వీధిలో పడేసినట్టే.

పాన్ కార్డుకు ఆధార్ జతచేయని కారణంగా 2023 జూలై 1 నుంచి చాలామంది పాన్‌లు పనిచేయకుండా పోయాయి. ఆధార్ లేని ప్రవాసులకు ఆ జత తప్పనిసరి కాదు. కానీ తాము ప్రవాసులమని ఆదాయపు పన్ను శాఖకు తెలియజేసి ఉండాలి. ఆ మాట చెప్పనివాళ్ళే ఇబ్బంది పడ్డారు.

బ్యాంకు సంగతి నా సొంత విద్య కాబట్టి గట్టిగా చెబుతాను. ఉద్యోగానికి విదేశం వెళ్ళగానే మామూలు పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. దాచిపెట్టడం తెలివి కాదు. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. పదేళ్ళు దాటితే డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి వెళ్ళిపోతుంది. తర్వాత కూడా వారసులు అడిగి తీసుకోవచ్చు. కానీ అప్పుడు కావలసింది మళ్ళీ ఈ కాగితాలే, పేర్లన్నీ కలిసి ఉన్న కాగితాలు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మేము నాన్న పోయాక చక్కబెట్టుకున్నాం. నాన్న పోయిన నెలలోనే సందూక తెరిచి తమ్ముడికి కావలసినవి పంపాను. 2023 మేలో రియాద్‌లోనే వాడికి కొత్త పాస్‌పోర్టు వచ్చింది, ఇంటిపేరు వేరుగా, సరిగ్గా. పని అంతా కలిపి నావంతు ఒక్క పూట. ఆ ఒక్క పూట సెప్టెంబరులో ఇచ్చి ఉంటే సరిపోయేది.

ఆబ్దికం మర్నాడు తలాఠీ కార్యాలయానికి వెళ్ళాం. పొలానికి వారసులుగా అమ్మ పేరు, మా ముగ్గురి పేర్లు రాయించాలి. 'వార్' ఉంచాలా తీసేయాలా అని కొంత చర్చ జరిగింది. అక్క పేరు అత్తవారి ఇంటిపేరుతో ఉంటుంది కాబట్టి ఆమెకు పుట్టింటి పేరు కూడా చూపించే కాగితం కావాలి. తమ్ముడి పాస్‌పోర్టులో ఎలా ఉందో మగపిల్లలమిద్దరం అలాగే రాయించుకుందామని చివరికి తేల్చుకున్నాం. పాస్‌పోర్టు మార్చడం కష్టం, మిగతావి దానికి తగ్గట్టు మార్చుకోవడం తేలిక. నాన్న పేరు అయిదు రకాలుగా ఉన్నా మనిషి ఒక్కరేనని బిలోలి వెళ్ళి ప్రమాణపత్రం చేయించాం. నోటరీ గారు చదివి వినిపిస్తూ ఆ అయిదు పేర్లూ వరుసగా పిలుస్తుంటే, హాజరు వేస్తున్నట్టుగా ఉంది. తమ్ముడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బయటికి వచ్చాక వాడే నా భుజం మీద చెయ్యి వేసి, "నేను గూడ ఇంకో ఏడాది ముందే అడగాల్సుండె అన్నా" అన్నాడు. నన్ను తేలిక చేయడానికే ఆ మాట అన్నాడని నాకు తెలుసు.

ఇంటికి వచ్చి అన్ని కాగితాలకూ మూడేసి నకళ్ళు తీయించి, బోధన్‌లో ఒకటి, ముంబైలో ఒకటి, రియాద్‌లో ఒకటి ఉండేలా పంచుకున్నాం. అసలువి సందూకలోనే పెట్టాం. గోడకున్న కాలనిర్ణయ్ క్యాలెండరు తీసి, ఆ ఏడాదిలో గడువు తీరేవన్నీ నేను తెలుగులో రాశాను. అమ్మ బిచ్కుందలో తెలుగు బడికి నాలుగేళ్ళు వెళ్ళింది, చదువుతుంది. తమ్ముడి పాస్‌పోర్టు గడువు ఎప్పుడని అడిగింది. 2033 మే అన్నాను.

"2033 క్యాలెండరు ఇంక రాలేదు గదరా, అదేడ రాయాలె?" అంది.

మేము నవ్వాం. అమ్మ నవ్వలేదు. లేచి వెళ్ళి సందూక మూత ఎత్తింది. మూత లోపలి వైపు నాన్న ఎప్పుడో తెల్లరంగుతో ఉర్దూలో రాసిన మూడు వరుసలు ఉన్నాయి. మా ముగ్గురి పుట్టిన తేదీలు. చదవడం మా ఎవరికీ రాదు. పై వరుస అక్కది, నడిమిది నాది, కింది వరుస వాడిది అని చిన్నప్పటినుంచీ తెలుసు, అంతే. అమ్మ ఆ కింది వరుస పక్కన వేలు పెట్టి చూపించింది. తమ్ముడు పక్కింటి పిల్లవాడి దగ్గర మార్కరు అడిగి తెచ్చి అక్కడ రాశాడు, "పాస్‌పోర్టు – 2033 మే". ఆగి, కొట్టేసి, "2032 మే" అని దిద్దాడు.